చెప్పులిచ్చారు, బడి ఏదీ?

మొన్న వానలు వెనకపట్టాక అనకాపల్లి జిల్లా కొండవార గూడెం ఒకదానికి వెళ్లాం. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపు రాబోయే నాలుగు బియ్యం బస్తాలు కూడా ఆగిపోతాయని అక్కడివాళ్లే వద్దన్నారు. సాయం తీసుకున్న మనిషి నోరు తెరవడానికి భయపడుతున్నాడంటే ఆ సాయంలో ఏదో తేడా ఉంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆ తేడాయే.

తారు రోడ్డు వదిలాక గంటన్నర నడక. రోగం వస్తే డోలీ కట్టాల్సిన దారి. మేం వెళ్లిన రోజే పట్నం నుంచి దాతలు వచ్చారు. వాళ్ల జీపులు వాగు దగ్గర ఆగిపోయాయి. అక్కడి నుంచి మూటలన్నీ గూడెం మగవాళ్లే మోసుకొచ్చారు. ఇచ్చేది వాళ్లు, మోసేది వీళ్లు. పిల్లల్ని వరసలో నిలబెట్టారు. వెనకాల బ్యానర్ కట్టారు. తలా ఒక జత చెప్పులు, ఒక పలక, ఒక బిస్కట్ పొట్లం. ఒక పిల్లకి చెప్పులిచ్చేటప్పుడు ఫొటో సరిగ్గా పడలేదట. ఇచ్చిన చెప్పులు మళ్లీ తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఆ పిల్ల రెండుసార్లు దండం పెట్టింది.

దాతలు వెళ్లిపోయాక ఒక ముసలమ్మ మా దగ్గరకొచ్చి కూర్చుంది. "సెప్పులిచ్చినారు బాబూ, మంచిదే. సెప్పులేసుకోని గుంటలెక్కడికెల్లాల? బడేదీ?" అంది.

ఆ గూడెంలో బడి లేదు. దగ్గర్లో ఉన్న సర్కారు బడికి వాగు దాటి నాలుగు కిలోమీటర్లు పోవాలి. వానాకాలం వాగు దాటనివ్వదు. వాగు తగ్గేసరికి బడికి పోయే అలవాటు తప్పిపోతుంది. ముసలమ్మ అడిగిన ప్రశ్న దాతలు అడగలేదు, అధికారులు అడగలేదు. నిజం చెప్పాలంటే సంఘాలు పెట్టుకున్న మనం కూడా గట్టిగా అడగలేదు.

సాయానికి మేం శత్రువులం కాదు

"ఇచ్చేవాణ్ణి తిడతారేంటి? మీరేమైనా ఇచ్చారా?" అని కొందరు మిత్రులు మమ్మల్ని నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. ఆకలిగా ఉన్న బిడ్డ నోటికి అన్నం అందించే చేతిని మేం కొట్టం. 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టిన జోతీరావు, సావిత్రీబాయి ఫూలేలు నలుగురి సాయం తీసుకునే నడిపారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ మాల మాదిగ పిల్లలకు బడులు పెట్టాడు. ఇవన్నీ సర్కారు మన వైపు కన్నెత్తి చూడని రోజుల్లో జరిగిన పనులు. వాటిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

కాని తేడా చూడండి. వాళ్లు బడి పెట్టింది పిల్లలు ప్రశ్నించడం నేర్చుకోవాలని. ఇప్పుడు కొండలెక్కుతున్న దానం చాలా వరకు పిల్లలు దండం పెట్టడం నేర్చుకోవాలని కోరుకుంటోంది. వాళ్లు హక్కు లేని చోట హక్కు కోసం దారి వేశారు. ఇప్పుడు చట్టంలో హక్కు రాసి ఉన్న చోట దానాన్ని తెచ్చి ఆ హక్కు మీద కప్పుతున్నారు. మా గొడవంతా ఇదే. సాయం తీసుకోండి. దానికి బదులుగా హక్కు మాత్రం ఇచ్చుకోకండి.

కిలోమీటరు లెక్క ఎవరు చెప్పాలి?

2002లో రాజ్యాంగాన్ని 86వసారి సవరించి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని రాసుకున్నారు. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి ఇంటికి కిలోమీటరు నడక లోపల ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. కేంద్రం చేసిన నియమాల్లో ఇంకో మాట కూడా ఉంది. కొండలు, వరదలు, రోడ్డు లేకపోవడం వల్ల పసిపిల్లలకు ప్రమాదమున్న చోట ఈ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలి. మరీ చిన్న గూడెమై బడి పెట్టడం కుదరకపోతే పిల్లల్ని బడికి చేర్చే బండి గాని, ఉండి చదువుకునే వసతి గాని సర్కారే ఉచితంగా చూడాలి.

అంటే కొండ మీద బడి దూరంగా ఉండటానికి కొండ సాకు కాదు. కొండ ఉంది కాబట్టే బడి ఇంకా దగ్గరగా ఉండాలి. మైదానంలో పుట్టిన పిల్ల కంటే కొండ మీది పిల్లకి ఎక్కువ బాధ్యత పడి ఉందని ఆ నియమాలే చెబుతున్నాయి. మరి నాలుగు కిలోమీటర్ల అవతల బడి పెట్టి, మధ్యలో వాగు వదిలేసి, "మీ పిల్లలు రావడం లేదు" అని రిజిస్టర్‌లో రాసుకునేవాళ్లని ఏమనాలి?

ఇక దానం పని చేసే తీరు చూడండి. ఒక సంస్థ వస్తుంది. బడి లేని గూడెంలో రేకుల షెడ్డు వేస్తుంది. పది చదివిన ఊరి పిల్లాణ్ణి ఒకణ్ణి చూసి నెలకింత అని ఇచ్చి "సెంటరు" నడుపుతుంది. మంచిదే. మండలాఫీసులో అయ్యవారు ఆ షెడ్డు వంక చూసి హమ్మయ్య అనుకుంటాడు. ఆ గూడెం ఇంక ఆయన లెక్కలో లేదు. మాకు బాగా తెలిసిన ఒక చోట ఇలాంటి సెంటరు మూడేళ్లు నడిచింది. నాలుగో ఏడు పైనుంచి డబ్బు రాలేదు. సంస్థ జెండా ఎత్తేసి ఇంకో జిల్లాకు పోయింది. ఎందుకు పోయారని అడిగితే "ప్రాజెక్టు అయిపోయింది" అన్నారు. పిల్లల బాల్యం అయిపోలేదు కదా! ఇప్పుడు ఆ షెడ్డులో మేకల్ని కడుతున్నారు. సర్కారు బడి మాత్రం రాలేదు. "అక్కడ ఏదో సంస్థ చూసుకుంటోంది కదా" అన్న మాట ఆఫీసులో ఇంకా బతికే ఉంది.

సర్కారు చేయాల్సింది సంస్థ చేస్తే సర్కారు బరువు దిగుతుంది. సంస్థ వెళ్లిపోతే ఆ బరువు మళ్లీ పిల్లల నెత్తికెక్కుతుంది. ఒకడి బాధ్యత ఇంకొకడి దయగా మారిపోవడమంటే ఇదే.

గీతకు అవతల, గీతకు ఇవతల

రావికమతం, రోలుగుంట, గొలుగొండ మండలాల కొండ గూడేల్లో ఉన్నదీ ఆదివాసీలే. పాడేరు, అరకు కొండల్లో ఉన్నదీ ఆదివాసీలే. కాని ఐదో షెడ్యూలు గీత మధ్యలో పోయింది. గీతకు అవతల 1970 నాటి 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడు భూమి కొనడానికి లేదు. గీతకు ఇవతల అదే కొండ, అదే జీడిమామిడి తోట, అదే కులం, కాని ఆ చట్టం లేదు. అందుకే ఇక్కడ భూమి కాగితాల మీద సులువుగా చేతులు మారుతుంది. కాగితం చదవలేని మనిషి భూమి ఇంకా సులువుగా మారుతుంది. చదువుకూ భూమికీ సంబంధమేమిటి అనేవాళ్లు ఇక్కడికొచ్చి చూడాలి.

గీతకు అవతల కూడా అంతా బాగాలేదు. మైదానం నుంచి పోస్టింగు మీద వచ్చిన అయ్యవార్లు బడికి పోకుండా జీతం తీసుకుంటున్నారన్న ఫిర్యాదుల మీదే 2000 జనవరి 10న మూడో నంబరు జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లకి తన మాట తెలిసిన అయ్యవారు దొరికాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ కుదరదంది. ఆ రోజు ఎంతమంది దాతలు వీధిలోకొచ్చారు? కొండ పిల్లలకు పలకలు పంచే సంస్థల్లో ఎన్ని ఒక్క కరపత్రమన్నా వేశాయి? పలక ఇవ్వడానికి ఉన్న చెయ్యి, పలక మీద రాయించే అయ్యవారిని తీసేస్తుంటే ఎందుకు లేవలేదు? పలక అడిగితే అది దయ, అయ్యవారిని అడిగితే అది రాజకీయమట.

కొండ దిగి మన పల్లెకొస్తే కథ ఇంకో రకంగా ఉంటుంది. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. మన చేతి వంట ఊరంతటి పిల్లలు తినాలి, అంటరానితనం పిల్లల కంచంలోనే చావాలి అన్నది దాని అర్థం. ఎక్కడో పట్నంలో ధర్మసంస్థ పెద్ద వంటశాల పెట్టి, వ్యానులో డబ్బాలు పంపితే ఏమవుతుంది? మన ఆడవాళ్ల పని పోతుంది. మన చేతి కూడు తినే సందర్భం కూడా పోతుంది. శుచిగా ఉందని అందరూ మెచ్చుకుంటారు. ఆ శుచి ఎవరి చేతులు తప్పించడం వల్ల వచ్చిందో ఎవరూ అడగరు.

ఎరువు ఎరగని నేలకు ప్రకృతి పాఠం

ఇప్పుడు వ్యవసాయం సంగతి. కొండ మీదికి దానం రెండో మూట కూడా మోసుకొస్తోంది. దాని పేరు ప్రకృతి సేద్యం. మంచి సేద్యమే, మేం కాదనం. మందుల అప్పుల్లో మునిగిన మైదానం రైతుకు అది కావాలి. కాని గూడెంలో శిక్షణ పెట్టి, తెర మీద బొమ్మలు వేసి, "రసాయనాలు మానండి" అని చెబుతుంటే వెనక కూర్చున్న కుర్రాడొకడు అన్న మాట వినండి: "రోడ్డు నేని ఊరికి ఎరువు బస్తా ఎలాగొస్తాది? మేము ఎప్పుడెట్టినామని మానిపిస్తన్నారు?"

అందరూ నవ్వారు. శిక్షకుడు కూడా నవ్వాడు. కాని అది నవ్వి వదిలేసే మాట కాదు. చోడి, సామ, కొర్ర, కంది, బొబ్బర్లు కలిపి చల్లి, విత్తనాన్ని సొరబుర్రలో దాచుకుని, పొయ్యి మీది పొగకు పురుగు పట్టకుండా కాపాడుకున్న జనం వాళ్లు. నిన్నటిదాకా వాళ్లని పోడు కొట్టి అడవి తగలెట్టేవాళ్లన్నారు. కేసులు పెట్టారు. ఇవాళ వాళ్ల జ్ఞానాన్నే పుస్తకంగా అచ్చేసి వాళ్లకే పాఠం చెబుతున్నారు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమంది. మన రాష్ట్రంలో సర్కారు నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. సంతోషం. ఆ బహుమతి వెనక ఉన్నది ఊరూరా సంఘాల్లో పేడ కలిపిన ఆడవాళ్ల చేతులు.

కాని ఆ చేతుల కింద నేల ఎవరిది? ఎకరానికి ఒకసారి పోయాల్సిన జీవామృతం 200 లీటర్లు. అందులో పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి. ఆవు లేనివాడు పేడ ఎక్కడ తెస్తాడు? ఆసామి కొట్టం ఊడ్చి తేవాలి. భూమి లేనివాడు ఎక్కడ పోస్తాడు? కౌలు చేనులో పోయాలి. మూడేళ్లు పోసి నేలను బాగుచేశాక ఆసామి చేను తీసేసుకుంటే ఆ మూడేళ్ల చాకిరీ ఎవరి ఖాతాలో పడుతుంది? నేల బలాన్ని గురించి గంటసేపు మాట్లాడే సంస్థలు నేల హక్కు గురించి నిమిషం మాట్లాడవు. భూమి లేని మాల మాదిగలకు ప్రకృతి సేద్యమంటే ఇంకొకడి పొలంలో ఇంకా ఎక్కువ కూలి పని, అంతే.

కొండ మీద భూమికి చట్టం లేక కాదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తున్న ఆదివాసీ కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా, అంటే దాదాపు పదెకరాల దాకా హక్కు ఉంది. ఈ చట్టం షెడ్యూలు గీతకు ఇవతల కూడా వర్తిస్తుంది. అయితే అదే కొండలో, అదే కష్టం చేసే దళిత కుటుంబం ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే డెబ్భై ఐదేళ్లుగా అక్కడ ఉంటున్నట్టు రుజువు చెయ్యాలట! ఊరి బయట ఉంచి, రికార్డులో పేరు రాయని వాణ్ణే ఇప్పుడు డెబ్భై ఐదేళ్ల రుజువు తెమ్మంటున్నారు. ఆదివాసీ హక్కు తగ్గించమని మేం అనడం లేదు. అలా అనేవాడు మనవాడు కాదు. ఆదివాసీకీ దళితుడికీ మధ్య తగువు పెట్టి కొండ కొట్టేద్దామనేవాళ్లు చాలామంది కాసుకుని ఉన్నారు. మేం అనేది ఒకటే. ఈ కాగితాల పనిలో మన పక్కన కూర్చునే సంస్థే నిజంగా సేద్యానికి సాయం చేసే సంస్థ.

ధర సంగతి కూడా చెప్పాలి. 2025-26కు రాగులకు కేంద్రం చెప్పిన మద్దతు ధర క్వింటాకు 4,886 రూపాయలు. అంటే కిలో 48 రూపాయల 86 పైసలు. మీ సంతలో షావుకారు చోడి కిలో ఎంతకు కొన్నాడో చూసుకోండి. ఆ తేడా ఎంతో లెక్క కట్టండి. ఆ తేడాను ఊరంతటికీ కూడితే దాతలు ఏడాదికొకసారి పంచే చెప్పుల ఖరీదు అందులో ఎన్నో వంతో తేలుతుంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండ పేరుకు ధర పలుకుతోంది. కొండ మనిషికి ఎంత పలుకుతోంది? ఈ లెక్క ఊరి మధ్య గోడ మీద రాసినవాడే మనవాడు.

ఇచ్చేది ఎవరి సొమ్ము?

దాత అనగానే మనం చేతులు కట్టుకుంటాం. ఆ సొమ్ము ఎక్కడిదో ఒకసారి విచారిద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ఏం చెబుతోంది? నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవర్ 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు ఖర్చు పెట్టి తీరాలి. తను వ్యాపారం చేసే చుట్టుపక్కల ప్రాంతానికి ముందు చూడాలి. అది ధర్మం కాదు, చట్టం. చట్టం ప్రకారం కట్టాల్సింది కట్టి "దానం చేశాం" అని బోర్డు రాయించుకుంటున్నారు. కొందరు విడి దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా ఉంది. ఆ మినహాయింపు సర్కారు ఖజానాకు తగ్గిన సొమ్ము. ఖజానా ఎవరిది? అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మనది కూడా.

ఇక మన పేరు మీదే ఉన్న సొమ్ము ఉంది. పోరాడితే పోరాడితే 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టమొచ్చింది. జనాభా ఎంతో నిధుల వాటా అంత అని అందులో రాశారు. ఆ వాటా నుంచి మన గూడేనికి, మన పల్లెకు ఏమొచ్చిందో అడగకుండా, ఎవడో తెచ్చిన బిస్కట్ పొట్లం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. మన ఇంటి బిందె ఎత్తుకుపోయినవాడే మనకు దోసెడు నీళ్లు పోసి పుణ్యం మూటగట్టుకుంటున్నాడు.

1932లో బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న

ఇది కొత్త తగువు కాదు. పూనా ఒప్పందం తర్వాత 1932లో అంటరానితనం నిర్మూలనకంటూ ఒక సంఘం పెట్టారు. అదే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. ఆ నవంబరులో లండన్ పోతూ ఓడ మీద నుంచి అంబేడ్కర్ ఠక్కర్‌కు పెద్ద ఉత్తరం రాశారు. తాగుడు మాన్పించడం, లైబ్రరీలు, బడులు పెట్టడం లాంటి పనులతోనే సరిపెట్టొద్దన్నారు. బావి దగ్గర, బడి దగ్గర, ఊరి మధ్య మనకు పౌరహక్కులు దక్కేలా ఉద్యమం నడపాలన్నారు. కొలువుల్లో సమాన అవకాశం కావాలన్నారు. మనిషి చెడ్డవాడై పేదవాడు కాలేదు, చుట్టూ ఉన్న కట్టుబాటు అతన్ని అలా ఉంచింది, ముందు దాని మీద దెబ్బ వెయ్యమన్నారు. ఆ ఉత్తరం అందిందని కూడా వాళ్లు జవాబు రాయలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

మరి ఆ సంఘం పెత్తనంలో అంటరానివాళ్లకు చోటేదని అడిగితే గాంధీ ఏమన్నారు? ఇది సవర్ణుల ప్రాయశ్చిత్తం, బాకీ తీర్చుకునేవాళ్ల సంఘం ఇది అన్నారు. బాకీ ఎంతో, ఎలా తీర్చాలో బాకీ పడినవాడే తేలుస్తాడట! ఇంత విచిత్రమైన అప్పు మన ఊరి షావుకారు కూడా ఎరగడు.

ఇవాళ కొండ మీద నడిచే ధర్మబడి కమిటీ జాబితా తెప్పించుకుని చూడండి. అందులో ఊరివాళ్లెంతమంది? విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ ముసలమ్మ కూతురు సర్కారు బడిలో అయితే కమిటీ మెంబరు. ధర్మబడిలో అయితే ఫొటోలో వెనక వరస. ఈ ఒక్క ముక్కలో హక్కుకూ దయకూ ఉన్న తేడా అంతా ఉంది.

మన ఇల్లు కూడా చూసుకుందాం

అవతలివాణ్ణి తిట్టి ఊరుకుంటే ఇది సగం వ్యాసమే. మన సంఘాల్లో చురుకైన కుర్రాళ్లు ఎంతమంది సంస్థల్లో జీతానికి చేరిపోయారు! వాళ్లకి ఇల్లు గడవాలి, తప్పు పట్టం. కాని నిన్న తహసీల్దారు ఆఫీసు ముందు బైఠాయించినవాడు ఇవాళ అదే ఆఫీసులో "సమన్వయం" చేస్తున్నాడు. నిన్న ధర్నా అన్నవాడు ఇవాళ వర్క్‌షాప్ అంటున్నాడు. గూడేనికి మనం ఎన్నికలప్పుడు, అంబేడ్కర్ జయంతికి పోతాం. సంస్థవాడు నెలనెలా పోతాడు. జనం ఎవరి మాట వింటారు? మనం ఖాళీ వదిలిన చోటే వాళ్లు కుర్చీ వేసుకున్నారు.

అందరినీ ఒకే గాటన కట్టడం కూడా తప్పే. అనంతగిరి మండలం బొర్రా కొండల్లో గనుల లీజుల మీద 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ ఆదివాసీల పక్షాన కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు కూడా గిరిజనేతరుడి కిందే లెక్క, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడానికి వీల్లేదంది. అదీ సంస్థే. బిస్కట్లు పంచడం కాదు, కొండను నిలబెట్టింది. సాయమంటే ఇలా ఉండాలి. చట్టాన్ని మన చేతికందించాలి. తను వెళ్లిపోయాక కూడా మన చేతిలో ఏదో ఒకటి మిగలాలి.

రేపు దాతలొస్తే అడగాల్సినవి

తలుపు వెయ్యకండి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. తర్వాత ఊరంతా కలిసి ఈ ఐదు అడగండి.

1. మీరు వెళ్లిపోయాక ఈ పని ఎవరు నడుపుతారు? సర్కారు బడి వచ్చేదాకా మాతో కలిసి అర్జీ మీద సంతకం పెడతారా?

2. ఈ పనికి ఎంత సొమ్మొచ్చింది? ఎంత ఖర్చయింది? తెలుగులో రాసి ఊరి మధ్య గోడకు అంటిస్తారా?

3. కమిటీలో మావాళ్లెంతమంది? ఆడవాళ్లెంతమంది? అయ్యవారిని మార్చే మాట ఎవరిది?

4. సేద్యం పాఠం సరే, పట్టా సంగతేంటి? అటవీ హక్కు అర్జీ రాయించే పనిలో మా పక్కన ఉంటారా?

5. మా పిల్లల ఫొటో ఎవరినడిగి తీశారు? ఎక్కడ వేస్తారు?

ఈ ఐదింటికీ నిలబడి జవాబు చెప్పినవాళ్లు మన మిత్రులు. మొహం చిట్లించినవాళ్లు ఎవరో మీకే తెలుస్తుంది.

సంఘం కార్యకర్తలు చెయ్యాల్సిన పని వేరే ఉంది. ప్రతి గూడెంలో, ప్రతి పల్లెలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల పేర్లు రాయండి. దగ్గరి బడి దాకా నడిచి దూరం కొలవండి. మధ్యలో వాగు ఉంటే వాగని రాయండి. తల్లిదండ్రుల వేలిముద్రలతో ఆ కాగితం మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. అటవీ హక్కు అర్జీలు గ్రామసభ ముందు పెట్టండి. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టడానికి అధికారికి వీల్లేదు. ఊరి పెద్దల వాంగ్మూలం రాసి పెట్టినా అది సాక్ష్యమేనని నియమాల్లోనే ఉంది. మన ముసలివాళ్లు బతికుండగానే ఆ వాంగ్మూలాలు రాయించాలి. రేపంటే ఆలస్యమవుతుంది.

మేం తిరిగొచ్చేటప్పుడు చెప్పులందుకున్న ఆ పిల్ల వాగు దాకా మాతో వచ్చింది. కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని వట్టికాళ్లతో నడుస్తోంది. ఎందుకే అంటే, "బడికెల్లినప్పుడు ఏసుకుంటాను" అంది.

ఆ చెప్పులు పొట్టివైపోయేలోగా అక్కడ బడి రావాలి. దాన్ని దాతలు తేరు. మనం అడిగి, నిలదీసి, తెచ్చుకోవాలి.

దయ వద్దు, లెక్క కావాలి! దానం కాదు, హక్కు కావాలి!

జై భీమ్!